వినేవాళ్ళ గది

యూనివర్సిటీ లైబ్రరీ కింద, మెట్ల పక్కన, ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసే గది ఒకటి ఉండేది. దాన్ని కడిగి, గోడలకి రంగు వేసి, మధ్యలో అద్దం అడ్డం పెట్టి, చెరోవైపు ఒక ఫోను పెట్టారు. రాత్రి పది నుంచి పొద్దున్న ఐదు దాకా ఆ ఫోన్ల దగ్గర కూర్చునేది విద్యార్థులే. పోస్టర్ల మీద దానికేదో పెద్ద పేరుంది కానీ అందరూ వినే గది అనే అంటారు. నిద్రపట్టనివాళ్ళు, పరీక్ష తప్పినవాళ్ళు, ప్రేమ బెడిసినవాళ్ళు, ఏమీ జరక్కపోయినా గుండెల మీద బండ పెట్టుకుని తిరిగేవాళ్ళు, ఎవరైనా ఫోన్ చెయ్యొచ్చు. అవతల తమలాంటి పిల్లో పిల్లాడో ఉంటారు. వింటారు. అంతే.

ఆ గదిలో చేరిన కొత్తలో గలగలని చూసి నవ్వనివాళ్ళు లేరు. వృక్షశాస్త్రం రెండో ఏడు చదువుతున్న ఈ పిల్ల అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. నోరు తెరిచిందంటే ఎదుటివాళ్ళకి ఊపిరి పీల్చుకునే సందివ్వదు. "నిన్ను వినే పనికి పెట్టడం, పిల్లిని పాలకి కాపలా పెట్టడం ఒకటే" అన్నాడు క్లాసువాడొకడు. వాడికి తెలియనిదేమిటంటే గలగల మాట్లాడేది సరదాకి కాదు, భయానికి. వాళ్ళమ్మా నాన్నా పోట్లాడుకుంటే అరుచుకునేవాళ్ళు కాదు. వారాల తరబడి మాటలు మానేసేవాళ్ళు. ఆ మౌనం మధ్య కూర్చుని అన్నం తినలేక, చిన్నప్పుడే నోటికొచ్చిందల్లా వాగడం నేర్చుకుంది. ఎక్కడ నిశ్శబ్దం కమ్ముకున్నా ఏదో మీద పడబోతోందని ఇప్పటికీ అరచేతులు చెమటలు పడతాయి.

ఆ నోటికి కళ్ళెం వేసింది పెద్దక్క. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ ఆఖరి ఏడు. ఆ గదిలో కొత్తవాళ్ళందరికీ పని నేర్పేది ఆమే కాబట్టి, తన తోటివాళ్ళకి కూడా పెద్దక్కే. కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఎడమచేత్తో పెన్సిలు తిప్పుతూ, ఫోనెత్తి "చెప్పండి, నేనిక్కడే ఉన్నాను" అనేది. ఆ ఒక్క మాటకే అవతల ఎంతోమంది ఏడ్చేసేవాళ్ళని గలగలకి తెలుసు. 

"నిశ్శబ్దం వస్తే రానీ. నువ్వు దాన్ని పూడ్చకు. అవతలి మనిషి మాట వెతుక్కుంటున్నాడన్నమాట. లోపల పది లెక్కపెట్టుకో" అని నేర్పింది పెద్దక్క. గలగల పది లెక్కపెట్టుకునేది. మొదట్లో ఆరు దగ్గరే నోరు జారేది.

ఈ పనికి పైన ఉన్నది కౌన్సెలర్ మేడమ్. ఆవిడ పెట్టిన నియమాలు ఒక అట్ట మీద రాసి గోడకి తగిలించారు. పేరు అడగకూడదు. సలహా ఇవ్వకూడదు. విన్నది గది దాటకూడదు. ఫోను ఆరుసార్లకి మించి మోగకూడదు. చచ్చిపోవాలన్న ఆలోచన ఉందేమోనని అనుమానమొస్తే నీళ్ళు నమలకుండా సూటిగా అడగాలి. ఒక ప్రాణం ప్రమాదంలో ఉందనిపిస్తే ఏ వేళైనా సరే మేడమ్‌కి ఫోన్ చెయ్యాలి. ఇవిగాక అట్ట మీద రాయని అలవాటొకటుంది. బరువైన ఫోను పెట్టేశాక, జంటగా డ్యూటీలో ఉన్న రెండో మనిషికి ఆ సంగతి చెప్పుకోవాలి. దాన్ని 'దింపుకోవడం' అంటారు. ఎవరి బరువునీ ఒక్కరే ఇంటికి మోసుకుపోకూడదని.

ఆ గురువారం రాత్రి డ్యూటీలో ఉన్నది గలగలా, పెద్దక్కా. చలి కొరికేస్తోంది. గదిలో హీటరు పేరుకే హీటరు, వెచ్చదనం కంటే చప్పుడే ఎక్కువ. గలగల ఒంటిమీద ఆకుపచ్చ స్వెట్టరుంది. అది పెద్దక్కది. రెండు రోజుల కిందట ఈ పిల్ల వణుకుతుంటే తీసి ఇచ్చేసింది. "మరి నీకో?" అంటే "నాకు చలెయ్యదులే, నువ్వే ఉంచేసుకో" అంది.

రెండూ పదికి గలగల వైపు ఫోను మోగింది. రెండో రింగుకే ఎత్తింది.

"హలో..." పెద్దావిడ గొంతు. బొంగురుగా ఉంది. వెనకాల ఇంజను ఆగకుండా గొణుగుతోంది, ఎవరో విజిలు వేశారు. "ఇది పిల్లల కోసమట కదా అమ్మా? పెద్దవాళ్ళు చెయ్యొచ్చా?"

"చేశారు కదండీ. చెప్పండి, వింటున్నాను."

"నేను బస్సు కండక్టర్ని. డిపో రెస్టు రూములోంచి మాట్లాడుతున్నా. మా డ్రైవరు నిద్రపోతున్నాడు, వాడు లేచేలోపు చెప్పేస్తాను." ఆవిడ గొంతు తగ్గించింది. "మా అమ్మాయి మీ యూనివర్సిటీలోనే చదువుతోంది. దాని గొంతు విని పదకొండు రోజులైంది. ఫోనెత్తదు. మెసేజ్‌లు మాత్రం పెడుతుంది. బాగున్నా, తిన్నా, క్లాసులో ఉన్నా... రాత్రి ఒంటిగంటకి క్లాసులో ఉన్నా అని పెడితే నేనేమనుకోవాలి తల్లీ?"

గలగల నాలుక చివర నాలుగు మాటలు వచ్చి నిలబడ్డాయి. పది లెక్కపెట్టుకుంది.

"మొన్న పార్సెల్ వచ్చింది," అంది ఆవిడ. "దాని సర్టిఫికెట్లు, పుస్తకాలు, నేను కొనిచ్చిన వాచీ. ఎందుకు పంపావే అంటే, గదిలో చోటు లేదమ్మా అని మెసేజ్. ఆ పుస్తకాల్లో మీ కాగితం దొరికింది. మనసు బాగోలేకపోతే ఈ నంబరుకి చెయ్యమని ఉంది. అంటే మా పిల్ల మీకు ఫోన్ చేస్తోందా?"

"ఎవరు చేశారో, ఎవరు చెయ్యలేదో మేం చెప్పకూడదండీ. ఎవరికీ."

"కన్నతల్లిని. నాక్కూడానా?"

"మీక్కూడానండీ." గలగల ఫోను వైరు వేలికి చుట్టుకుంది. "పదకొండు రోజుల నుంచి మీరెంత నలిగిపోతున్నారో..."

అవతల ఆవిడ ముక్కు చీదుకుంది. "రోజుకి ఐదొందలమందిని ముందుకి జరగండి, జరగండి అని అరుస్తాను. నా నోటికి జడిసి రౌడీలు కూడా టిక్కెట్టు తీసుకుంటారు. ఆ నోటితో నా పిల్లని, ఏమైందే నీకు అని అడగలేకపోతున్నా. చిన్నప్పుడు నేను ఆఖరి ట్రిప్పు ముగించుకుని వచ్చేసరికి అర్ధరాత్రయ్యేది. పడుకోకుండా గుమ్మంలో కూర్చునేది. నా చెప్పులు విప్పి, చెప్పమ్మా, నేనిక్కడే ఉన్నా అనేది. ఆరేళ్ళ పిల్ల! ఆ రోజు ఎవరెవరు పోట్లాడారో, ఎవరు దొంగనాణెం ఇచ్చారో అంతా దానికే చెప్పేదాన్ని. ఇప్పుడనిపిస్తోంది, నేనే దాని నెత్తిన అన్నీ కుమ్మరించానేమోనని."

గలగల చేతిలో ఆడుతున్న పెన్సిలు ఆగిపోయింది. చెప్పమ్మా, నేనిక్కడే ఉన్నా. లోకంలో ఎంతమంది అనరు ఆ మాట, అనుకుంది.

"ఒక్కటే ధైర్యం తల్లీ," అంది కండక్టరమ్మ. "ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య కూర్చుని దానికో స్వెట్టరు అల్లాను. ఆకుపచ్చది. లెక్క తప్పి ఎడమ చెయ్యి రెండు వరసలు పొడుగైంది. విప్పి మళ్ళీ అల్లుతానంటే ఒప్పుకోలేదు. ఎడమచేత్తో రాస్తాను కదమ్మా, వేళ్ళకి వెచ్చగా ఉంటుంది, ఇలాగే ఉండనీ అంది. అన్నీ తిప్పి పంపింది కానీ అది పంపలేదు. అంటే వేసుకునే ఉంటుంది. అది ఒంటిమీద ఉన్నంతసేపూ నా పిల్లకేం కాదులే అని, రాత్రిళ్ళు ఆ ఆశే పట్టుకుని పడుకుంటున్నా."

గలగల తన చేతుల వంక చూసుకుంది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర ఆగింది. ఎడమ చెయ్యి వేళ్ళ కణుపుల దాకా దిగి ఉంది. వాడి వాడి ఒక చెయ్యి సాగింది కాబోలు అనుకుంది ఈ రెండు రోజులూ.

తల ఎత్తింది. అద్దానికి అవతల పెద్దక్క, పల్చటి చొక్కాలో, కాళ్ళు ముడుచుకుని, ఎడమచేత్తో ఏదో రాసుకుంటోంది.

"తల్లీ, ఉన్నావా?"

"ఉన్నానండీ."

"వేసుకునే ఉంటుందంటావా?"

అవునండీ అని ఒక్క మాట అంటే ఆ తల్లి ఈ పూట కంటినిండా నిద్రపోతుంది. గలగల స్వెట్టరు ఎడమ చేతి అంచుని పిడికిట్లో బిగించింది. "ఆ స్వెట్టరు మీదే ఆశంతా పెట్టుకున్నారు మీరు," అంది ఎలాగో. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

"సరేలే. విన్నావు, అదే పదివేలు. నేను చేసినట్టు ఎవరికీ చెప్పకు. దానికి తెలిస్తే నామోషీ పడుతుంది, తల్లి తన గురించి పరాయివాళ్ళ దగ్గర ఏడ్చిందని. ఒట్టేనా?"

"ఇక్కడ విన్నది గది దాటదండీ," అంది గలగల అలవాటు కొద్దీ. అని నాలుక కరుచుకుంది. అవతల డ్రైవరెవరో దగ్గాడు. ఫోను పెట్టేసిన చప్పుడు.

అద్దం తలుపు తీసుకుని పెద్దక్క వచ్చింది. "ఇరవై ఆరు నిమిషాలు. బరువైన ఫోనే. రా, దింపుకో."

ఎవరి బరువు ఎవరి నెత్తిన దింపాలి?

"ఎవరో తల్లి," అంది గలగల. "కూతురి గురించి బెంగ."

"ఊఁ." పెద్దక్క మొహంలో ఏమీ కదల్లేదు. సీసాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంచి ఇచ్చింది. "మొహం పాలిపోయింది నీకు. తాగు. కాసేపు రెండు ఫోన్లూ నేనే చూస్తాలే."

గలగల గ్లాసు అలాగే పట్టుకుని కూర్చుంది. కళ్ళముందే ఉండి కనపడనివన్నీ ఒక్కటొక్కటే వచ్చి వరస కట్టాయి. మనిషికి వారానికి రెండు రాత్రులే డ్యూటీ అని కట్టుదిట్టమైన నియమం ఉన్నా, పెద్దక్క మూడు వారాలుగా ఎవరు సెలవడిగితే వాళ్ళ బదులు కూర్చుంటోంది. పగలు కాంటీన్లో ఆమె ఎవరికీ ఎదురుపడదు. కాలిక్యులేటరు మొదటి ఏడు పిల్లాడికిచ్చేసింది. స్వెట్టరు ఇచ్చిన రోజు ఇంకో మాట కూడా అంది, "పని బాగా పట్టుబడింది నీకు. ఇక నేను లేకపోయినా ఈ గది నడిచిపోతుంది." ఆ రోజు గలగల ఆ మాటకి మురిసిపోయి హాస్టల్లో నలుగురికి చెప్పుకుంది! ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం అనేది శిక్షణ కాగితాల్లో మూడో పేజీలో, అప్రమత్తంగా ఉండాల్సిన గుర్తుల్లో ఉంది. ఆ పేజీ తనకి చదివి చెప్పింది పెద్దక్కే.

"బాత్రూముకి వెళ్ళొస్తా," అని, సొరుగులోంచి తన సెల్లు తీసి స్వెట్టరు చేతిలో దోపుకుని బయటపడింది.

వరండాలో ఒక్క ట్యూబులైటు కొట్టుకుంటోంది. గదికి వీపు పెట్టి చివరిదాకా నడిచింది. మేడమ్‌కి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మూడోసారి కూడా అంతే. తప్పులు కూడా దిద్దుకోకుండా, "అర్జెంటు. పెద్దక్క గురించి. వెంటనే చెయ్యండి" అని మెసేజ్ పెట్టింది. సెక్యూరిటీ వాళ్ళని పిలవాలా? పిలిచి ఏమని చెప్పాలి, మా అక్క స్వెట్టరు ఇచ్చేసిందనా? ఒకవేళ తనదంతా పిచ్చి ఊహే అయితే? ఊహ కాకపోతే?

మొత్తం నాలుగైదు నిమిషాలు పట్టుంటుంది. తిరిగొచ్చేసరికి గదిలో రెండు కుర్చీలూ ఖాళీ.

ఫోను మోగుతోంది.

గలగల గుమ్మంలో కొయ్యబారిపోయింది. మూడు. నాలుగు. ఎవరో ఒకరు, ఎక్కడో చీకట్లో, ధైర్యమంతా కూడగట్టుకుని ఆ నంబరు నొక్కారు. ఐదు. చెయ్యి ముందుకి చాచింది. ఎత్తితే మధ్యలో పెట్టెయ్యడానికి వీల్లేదు. ఆరు. ఆమె వెనక్కి తిరిగి వరండాలోకి పరిగెత్తింది. వెనకాల ఏడో రింగు వినపడింది. ఎనిమిదోది కూడా.

"అక్కా!"

బాత్రూములో లేదు. మెట్ల మీద లేదు. బయటి తలుపుకి లోపలి గడియ వేసే ఉంది. అంటే ఈ అంతస్తులోనే ఉండాలి. జిరాక్సు షాపు షట్టరు దించి ఉంది. దాని వెనక, పాత ఆన్సర్ షీట్లు మూటలు కట్టి పడేసే కొట్టు ఉంది. దాని తలుపు కింద సన్నటి వెలుతురు గీత.

తోసింది. తీసే ఉంది.

కాగితం మూటల మధ్య మనిషి పట్టేంత జాగా. అక్కడ చాప, దాని మీద మడత పెట్టిన దుప్పటి, పక్కన సూట్‌కేసు. గ్లాసులో బ్రష్షు. రెండు మేకుల మధ్య తాడు కట్టి దాని మీద చొక్కా ఆరేసి ఉంది. ఆ చాప మీద పెద్దక్క కూర్చుని ఉంది, మోకాళ్ళు రెండు చేతులతో చుట్టుకుని. ఏమీ చెయ్యడం లేదు. ఊరికే గోడకేసి చూస్తోంది.

"ఫోను మోగుతోంది," అంది పెద్దక్క చూపు తిప్పకుండానే. "నువ్వు వచ్చేస్తావులే అని రెండు నిమిషాలు ఇలా వచ్చాను. వెళ్ళి ఎత్తు."

"నువ్విక్కడ ఉంటున్నావా?"

"హాస్టల్ గదికి రంగులేస్తున్నారు."

"అక్కా!"

గలగల ఆ ఇరుకులోనే, చాప అంచున కూలబడింది. ఇన్నాళ్ళూ అద్దం వెనక కూర్చుని, మొహం తెలియనివాళ్ళని నాలుగుసార్లు అడిగింది ఈ ప్రశ్న. అన్నం పెట్టిన చెయ్యిలాంటి మనిషిని, కళ్ళలోకి చూస్తూ అడగాల్సి వస్తుందని అనుకోలేదు.

"అక్కా, చచ్చిపోవాలని అనుకుంటున్నావా?"

పెద్దక్క పెదవి కొంచెం వంకర తిరిగింది. నవ్వో ఏడుపో. "గొంతు వణక్కూడదని చెప్పానా లేదా?"

గలగల లోపల లెక్కపెట్టుకుంది. పది అయింది. ఇరవై అయింది. దూరంగా ఫోను మోగడం ఆగింది. ముప్ఫై. నోట్లోంచి ఏదో ఒక మాట ఊడిపడకుండా పళ్ళు బిగించి పట్టింది. ఎంత లెక్కపెట్టిందో తనకే తెలియలేదు.

"అవును," అంది పెద్దక్క.

ఆ మాట బయటికి రాగానే ఆమె ఒళ్ళంతా గజగజ వణకడం మొదలెట్టింది. గలగల స్వెట్టరు విప్పి ఆమె భుజాల చుట్టూ కప్పింది.

"ఎప్పుడని అనుకున్నావు?"

"ఈ ఆదివారం. ఆ రాత్రి నాకు డ్యూటీ లేదు, ఎవరికీ ఇబ్బంది ఉండదు." చాలా మామూలుగా, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. "ఎలా అని అడక్కు. నీకు చెప్పను."

"అడగను. చేతికందే చోట ఏమైనా ఉందా, అది ఒక్కటీ చెప్పు."

"ఇక్కడేం లేదు. నమ్ము."

తర్వాత ముక్కలు ముక్కలుగా వచ్చింది సంగతంతా. ల్యాబు పరీక్ష రెండుసార్లు తప్పింది. రాత్రంతా ఈ గదిలో కూర్చుని పగలు నిద్రపోవడంతో హాజరు చాల్లేదు. మూడు నెలల కిందటే పేరు తీసేశారు. పేరు పోయాక హాస్టల్ గది పోయింది. ఎవరికీ చెప్పలేదు. "పగలు నేనెవరినీ కాను. రాత్రి పదయితే పెద్దక్కని. ఎవరో ఒకరు ఏడుస్తూ ఫోన్ చేస్తారు, నేను వింటే ఊరట పడతారు. వాళ్ళని చూసే ఇన్నాళ్ళు లాక్కొచ్చా. ఇప్పుడు వాళ్ళ మాటలు కూడా చెవిలోకి దిగట్లేదే. ఊఁ కొడతాను, లోపల ఏమీ ఉండదు."

"ఇంట్లో?"

"మా అమ్మ బస్సెక్కిన ప్రతివాళ్ళకీ చెబుతుంది, మా పిల్ల పెద్ద చదువు చదువుతోందని. చిల్లరిస్తూ చెబుతుంది. ఆవిడ మొహం చూసి ఏమని చెప్పను?"

ఒట్టు వేయించుకున్న ఆ బొంగురు గొంతు గలగల చెవుల్లోనే ఉంది. విన్నది గది దాటకూడదు. ఒట్టు తప్పితే కళ్ళు పోతాయంటారు. పోతే పోనీ.

"మీ అమ్మ ఫోన్ చేసింది, అక్కా. ఇందాక. ఆ ఇరవై ఆరు నిమిషాలూ ఆవిడే."

పెద్దక్క విసురుగా తల తిప్పింది. అంత కోపం ఆ మొహంలో గలగల ఎన్నడూ చూడలేదు. "నోరు ముయ్యి! ఎవరు చెప్పమన్నారు నీకు? ఏం నేర్పాను నేను? నీలాంటిదాన్ని నమ్మి ఒకావిడ అర్ధరాత్రి నోరు విప్పితే, ఆ మాట తెచ్చి ఇక్కడ..."

"తప్పే. తిట్టు. పార్సెల్లో స్వెట్టరు లేదు కాబట్టి నువ్వు బాగానే ఉంటావని అనుకుంటోంది ఆవిడ. అది నా ఒంటిమీద ఉంది. నన్నేం చెయ్యమంటావు చెప్పు!" గలగల కూడా అరిచేసింది, ఏడుస్తూ.

పెద్దక్క భుజాల మీది ఉన్ని రెండు గుప్పిళ్ళతో పట్టుకుని, మొహం దాంట్లో దాచుకుని, చాలాసేపు శబ్దం లేకుండా ఏడ్చింది. ఆ తర్వాత శబ్దంతో ఏడ్చింది.

మూడుంపావుకి మేడమ్ తిరిగి ఫోన్ చేసింది. ఆవిడ ఒక్కటే అడిగింది, "నువ్వు తన పక్కనే ఉన్నావా?" అని. "కదలకు. పావుగంటలో వస్తున్నా." అన్నట్టే వచ్చింది, జుట్టు ముడి కూడా వేసుకోకుండా, రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులతో. కొట్టు వంకా సూట్‌కేసు వంకా చూసింది. ఎందుకు, ఏమిటి అనలేదు. చాప మీద చతికిలబడి పెద్దక్క చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "నీకు డ్యూటీ చార్టులో పదకొండు రాత్రులు వేసిన సంతకం నాదే. నీ మొహం కేసి చూడకుండా పెట్టాను. అది నా తప్పు" అంది. డాక్టరుకి తనే ఫోన్ చేసింది. పొద్దున్న ఎనిమిదికి తీసుకురమ్మన్నారు.

"అమ్మకి ఎవరు చెబుతారు?" అంది మేడమ్.

పెద్దక్క చాలాసేపు తన సెల్లు చేతిలో తిప్పింది. తర్వాత నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. ఒక్క రింగు కూడా పూర్తి కాలేదు.

"అమ్మా, నేను," అంది. అంతే, ఇక మాట రాలేదు.

అవతలి మాటలు బయటికే వినపడ్డాయి, ఆ గొంతు అలాంటిది మరి. "నువ్వేం చెప్పక్కర్లేదు. ఫోను మాత్రం పెట్టకు. ఇదిగో, డ్యూటీలు వేసే వాడికి చెబుతున్నా... ఒరేయ్ నాయనా, నా డ్యూటీ ఇంకెవరికైనా వెయ్యి, నేను పోతున్నా... నేనొస్తున్నానే. నువ్వు ఊపిరి తీస్తూ ఉండు, నేను వింటూ ఉంటా." అలా ఆ ఫోను రెండు గంటలు పెట్టలేదు. పేరు తీసేసిన సంగతి ఆ మధ్యలోనే నెమ్మదిగా చెప్పింది పెద్దక్క. చార్జింగు వైరు కొట్టులోకి లాక్కొచ్చి పెట్టింది గలగల.

ఆరు కావస్తుండగా కండక్టరమ్మ దిగింది, ఖాకీ యూనిఫారంలోనే. మనిషి పొట్టి, చేతులు లావు. కూతుర్ని చూసి అరుస్తుందేమో, కూలబడుతుందేమో అని గలగల గోడకి అంటుకుపోయింది. ఆవిడ రెండూ చెయ్యలేదు. కూతురి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, బస్సులో చిరిగిన నోటుని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. "పేరు తీసేస్తే తీసేశారు. నన్ను ఎన్నిసార్లు సస్పెండ్ చేశారో నీకు తెలుసా? ఏడుసార్లు. నీకు చెప్పలేదు, నామోషీ అయి," అంది. అప్పుడు గానీ ఏడవలేదు.

వెళ్తూ వెళ్తూ గలగల దగ్గర ఆగింది. ఇందాక ఫోనులో వెనకాల ఈ పిల్ల గొంతు విని గుర్తుపట్టిందో, మొహం చూసి అర్థమైందో. "చెప్పొద్దన్నాను కదా" అంది మెల్లగా.

"తప్పు నాదేనండీ."

ఆవిడ గలగల చెంప మీద చెయ్యి వేసి, తీసి, కూతురి వెంట నడిచింది. క్షమించిందో లేదో గలగలకి తెలియలేదు.

మర్నాడు విద్యార్థి వాలంటీర్లు అందరూ కూర్చున్నారు. అదృష్టం బాగుండి ప్రాణం దక్కింది అన్నవాళ్ళున్నారు. విన్నది బయటపెడితే రేపట్నుంచి మనల్ని ఎవరు నమ్ముతారు అన్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి మాటా కాదనడానికి లేదు. మేడమ్ గలగలని శిక్షించలేదు కానీ నెల రోజులు ఫోనుకి దూరంగా ఉండమంది. పెద్దక్కకే కాదు, నీకూ ఎవరైనా ఉండాలి అని, వారం వారం తన గదికి రమ్మంది. డ్యూటీ చార్టు సంతకం పెట్టే పని కూడా వేరే ఇద్దరికి అప్పజెప్పింది.

అన్నిటికంటే గలగలని పీక్కుతిన్నది వేరే ఉంది. ఆ రాత్రి రెండు నలభై నుంచి, మూడున్నరకి మేడమ్ వచ్చేదాకా వినే గదిలో మనిషి లేడు. ఆ యంత్రం నంబర్లు చూపించదు, ఎన్నిసార్లు మోగిందో మాత్రం చెబుతుంది. మూడుసార్లు మోగింది. ఆ ముగ్గురూ ఎవరో, లేక ఒక్కరే మూడుసార్లు చేశారో, తర్వాత ఏమయ్యారో ఎవరికీ తెలియదు. క్లాసుకి వెళ్తే పక్క బెంచీల్లో మొహాలు వెతికేది. ఎవరైనా రెండు రోజులు రాకపోతే నలుగురినీ వాకబు చేసేది. "నేను ఆ ఫోను ఎత్తి ఉంటే?" అని మేడమ్‌ని అడిగింది. "ఎత్తి ఉంటే కొట్టు తలుపు తోసేదానివి కాదు," అంది ఆవిడ. ఆ జవాబు నిజమే కానీ రాత్రిళ్ళు పనికి రాలేదు.

పెద్దక్క ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసేది, తన సెల్లు నుంచి, గలగల సెల్లుకి. మాత్రలు వేసుకుంటున్నానని, నోరు ఎండిపోతోందని, డాక్టరు మాటలు తక్కువ మనిషని, అమ్మ తనని ఒంటరిగా వదలడానికి భయపడి బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పుతోందని చెప్పింది. "ఊళ్ళో ఉన్న స్టాపులన్నీ కంఠతా వచ్చేశాయే," అంది ఒకసారి. ఆదివారం గురించి ఇద్దరూ ఎత్తలేదు. ఆ ఆదివారం వచ్చి వెళ్ళిపోయింది. తర్వాతిది కూడా. మళ్ళీ పరీక్షకి కడుతుందా లేదా అన్నది పెద్దక్క ఇంకా తేల్చుకోలేదు.

ఆరో వారం శుక్రవారం ఫోన్ రాలేదు.

ఏడయింది, ఎనిమిదయింది. పనేదో ఉండి ఉంటుందిలే అనుకుంది గలగల. తొమ్మిదికి అన్నం కలిపి, తినకుండానే పళ్ళెం పక్కకి నెట్టింది. పదికి ఇక ఆగలేక తనే చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. కండక్టరమ్మ నంబరు తన దగ్గర లేదు, అడగాలని ఎన్నిసార్లు అనుకుందో. గదిలో అటూ ఇటూ తిరిగింది. మేడమ్‌కి చెయ్యాలా అనుకుంది. మళ్ళీ చేసింది. మోగి మోగి, ఇక ఆగిపోతుందనగా అవతల ఎవరో ఎత్తారు. ఏదో కిందపడ్డ చప్పుడు, గరగరమన్న గొంతు.

"ఎవరూ..."

"అక్కా! ఏమైంది? ఎందుకు చెయ్యలేదు? బాగున్నావా?"

"పడుకున్నానే బాబూ," అంది పెద్దక్క, నిద్రమత్తులో చిరాగ్గా. "సాయంత్రం నాలుగింటికి ఒరిగాను, ఇప్పుడే లేపావు. నీకు బుద్ధుందా? పొద్దున్న చెయ్యి."

టక్కున పెట్టేసింది.